చేపు వచ్చేదాకా దూడ

కాలి పిక్క పట్టేస్తే రాసుకునే మందు తాలూకు కరపత్రంలో ‘దూడ నొప్పి తగ్గుతుంది’ అని ఉంటే మందు రాసుకోవాలా, పశువుల డాక్టర్ని పిలవాలా? ఈ వారం చిరాకు అదే. అనువాద యంత్రం ఇంగ్లీషులో దూడకూ పిక్కకూ ఉన్న ‘కాఫ్’ అనే మాటను చూసింది, నిఘంటువులో మొదటి అర్థాన్ని దించేసింది. నిజానికి ఆ రెండు ‘కాఫ్’లూ ఒక తల్లి బిడ్డలు కాకపోవచ్చు. పశువు పిల్ల పాత ఇంగ్లీషు మాట. పిక్క వైకింగుల నార్స్ భాష నుంచి వచ్చి చేరింది. ఏనుగు పిల్లా, తిమింగలం పిల్లా కూడా కాఫే. హిమానీనదం నుంచి మంచుకొండ విరిగి సముద్రంలో పడితే హిమానీనదం ‘ఈనింది’ అంటారు. ఐల్ ఆఫ్ మాన్ పక్కనున్న బుల్లి దీవి పేరు ‘కాఫ్ ఆఫ్ మాన్’. పెద్దదాన్ని అంటిపెట్టుకుని చిన్నది ఏది కనబడ్డా ఆ సముద్రపు మనుషులకు ఆవూ దూడా గుర్తొచ్చాయి.

ఇలాంటి చోట తెలుగువాడు మీసం దువ్వుతాడు. వాళ్లకున్నది ఒక్క కాఫ్ అంటాడు. మనకు లేగ, తువ్వాయి, క్రేపు, పెయ్య, కోడె, పడ్డ, దున్నదూడ. మనకు పేర్లు చాలా ఉన్నమాట నిజమే, కానీ ఇవి ఎందుకు విడిపోయాయో చూస్తే మీసం కాస్త వాలుతుంది. పెయ్య రేపు పాలిస్తుంది. కోడె నాగలి లాగుతుంది. పడ్డ ఎప్పుడు చూడి కడుతుందా అని ఇల్లంతా ఎదురుచూస్తుంది. దున్నదూడ పుడితే మొహాలు చిన్నబోతాయి, పాల వాటా మొదట తెగేది దానికే. అంటే వీటిలో సగం ముద్దుపేర్లు కావు, పద్దులు. కోడె ఒక్కటే పద్దు దాటి కోడెకాడైంది, కోడెనాగైంది, వేములవాడ రాజన్న గుడి చుట్టూ తిరిగే కోడెమొక్కైంది. పెయ్యకు ఆ యోగం పట్టలేదు.

సంస్కృతం కథ ఇంకా ఇబ్బందికరం. వత్స అంటే దూడ, వత్సరం అంటే ఏడాది. రెండింటికీ మూలం ఒకటేననీ, వత్స అంటే మొదట్లో ఏడాది పిల్ల అనీ భాషాశాస్త్రజ్ఞులు చెబుతారు. ఉగాదికి మనం పేరు పెట్టి పిలిచే సంవత్సరంలో ఒక దూడ దాగి ఉందన్నమాట. అదే మూలం లాటిన్‌లో ‘విటులుస్’ అయి, ఫ్రెంచి మీదుగా ఇంగ్లీషులోకి ‘వీల్’గా దిగింది. వీల్ అంటే దూడమాంసం. దూడతోలు మీద రాతకు వాడిన ‘వెల్లమ్’ కూడా ఆ సంతతే. వాత్సల్యమూ వీల్ కూరా దాయాదులు. మనం ప్రేమ వైపు వచ్చాం, వాళ్లు పళ్లెం వైపు పోయారని మురిసిపోయే ముందు, పాలు పితికే చోట ఓసారి చూడాలి. దూడను వదులుతారు. అది పొదుగును తలతో రెండు పోట్లు పొడిచి నాలుగు గుక్కలు గుంజుతుంది. ఆవు దాని వీపు నాకుతుంది, చన్నులు నిండి బిగుస్తాయి. చేపు వచ్చింది. సరిగ్గా అప్పుడే దూడను మెడతాడు పట్టి లాగి తల్లి ముందు కట్టేస్తారు, చెంబు పొదుగు కిందికి వెళ్తుంది. దూడ చచ్చిపోతే దాని తోలులో గడ్డి కూరి ఆవు ముందు నిలబెట్టిన ఆచారమూ ఉంది. వాత్సల్యం అనే మాటకు దూడ దొరికింది ఆ తాడు చివరేనని నాకు అనిపిస్తుంది. తల్లిప్రేమ ఎంత బలమైనదో దాంతో పాలు చేపించుకున్నవాడికే బాగా తెలుసు.

ఛత్తీస్‌గఢ్‌లోని బస్తర్ ఈ లెక్కను తిరగేస్తుంది. అక్కడి మాడియా, మురియా గోండుల సంప్రదాయంలో ఆవును పితకరు, పాలు దూడవి. మన వైపు కోయల్లోనూ ఈ మాట ఉండేది. ఆవు దుక్కికి ఎడ్లను కనాలి, పేడ వెయ్యాలి, అవసరమైతే బలికి పోవాలి. దక్షిణాసియాలో పాలు పితకని జనాల హద్దులను భూగోళ శాస్త్రజ్ఞుడు ఫ్రెడరిక్ సైమూన్స్ 1970లో పరిశీలించి రాశాడు కూడా. పేడ సంగతికొస్తే, ఉద్దేశం వేరనుకోండి, ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం 2020 జులైలో హరేలీ పండుగ నాడు గోధన్ న్యాయ్ యోజన మొదలుపెట్టి కిలో 2 రూపాయలకు కొన్నది పేడను! పితకకపోవడం వెనక సూత్రమేమీ లేదు, అక్కడి నాటు ఆవు గుప్పెడంత, దూడ తాగాక మిగిలేదేముంది అని ఒక అభ్యంతరం. కానీ ఛత్తీస్‌గఢ్ మైదానాల్లో పశువులు కాసే రావుత్‌లు అలాంటి నాటు ఆవులనే పితుకుతూ వచ్చారు. పాల కొరత ఒక్కటే కారణమైతే వాళ్లూ మానేయాలి. రెండో అభ్యంతరం గట్టిది: పశువును బలిచ్చేవాళ్లకు దూడ మీద జాలి అంటగట్టడం పట్నం వాళ్ల మోజు కాదా? అవును, మోజే. జాలి కాదు కాబట్టే నా వాదన నిలబడుతుంది. వాళ్లు చెప్పేది దూడ మీద ప్రేమ గురించి కాదు, దూడ వాటా గురించి. ఎవరిది వాళ్లకు వదిలేస్తే దానికో రసం పేరు పెట్టి శ్లోకాలు కట్టే పని పడదు. టీ కొట్లు వచ్చాయి, పాడి పథకాలు వచ్చాయి, అక్కడా పితుకుతున్నారు, పసిపిల్లలకు పాలు మంచివి కావా అంటే, మంచివే. మారిన ఇంట్లో ఆ పాత మాట ఎన్నాళ్లు నిలుస్తుందన్నది వేరే సంగతి.

ఒక వస్తువుకు ఎన్ని పేర్లుంటే ఆ జాతికి దాని మీద అంత మమకారమని ఈ కాలమ్ చాలాసార్లు వాదించింది. దూడ విషయంలో ఆ వాదన వెనక్కి తీసుకుంటున్నాను. పాలు దూడకు వదిలేసినా మనుషులు తాగడానికి బస్తర్‌లో సల్ఫీ చెట్టు కల్లు ఉంది, ఆ చెట్టే మన జీలుగు. తాటిచెట్టు ఎందుకెక్కావురా అంటే దూడగడ్డి కోసం అన్న మహానుభావుడు మనవాడు. అక్కడ చెట్టెక్కేవాడికి దూడను సాకుగా చూపే అవసరం లేదు.