మడ్డి కింద పసుపు చుక్క

మిషిగన్‌లో మా గరాజ్‌లో 1967 నాటి ఫోర్డ్ మస్టాంగ్ ఉంది. ఇక్కడి డియర్‌బార్న్ ప్లాంటులో పుట్టిన బండి. ముందు సస్పెన్షన్ విప్పినప్పుడు ఎడమవైపు భాగాలన్నీ శాండ్ బ్లాస్టింగ్ చేయించి, నిగనిగలాడే నల్లరంగు వేయించాను. అద్దంలా మెరిశాయి. మురిసిపోయాను.

కుడివైపువి మాత్రం తీరిక చిక్కిన సాయంత్రాల్లో నేనే కిరసనాయిలు, మెత్తని బ్రష్షు పెట్టి కడిగాను. యాభై ఏళ్ల మడ్డి, గ్రీజు పొరలు పొరలుగా ఊడుతుంటే చక్రాన్ని మోసే స్పిండిల్ మీద పసుపు రంగు చుక్క ఒకటి బయటపడింది. బ్రష్షు పక్కన పెట్టేశాను. ఫ్యాక్టరీ లైనులో నిలబడి ఎవరో వేసిన గుర్తు అది. ఎవరి చెయ్యో!

నిజానికి ఆ రోజుల్లో కంటికి కనబడని ఈ భాగాలకు సోకులేమీ చేసేవారు కాదు. స్పిండిల్‌కు రంగే లేదు, కొలిమి నుంచి వచ్చిన ముదురు బూడిద వన్నె అలాగే ఉండేది. లోయర్ ఆర్మ్‌ను సగం దాకా నల్లరంగులో ముంచి తీసేవారు. కారిన చుక్క కారినట్టే గడ్డకట్టింది. బోల్టులకు ఫాస్ఫేట్ పూత. వేడి ద్రావణంలో ముంచితే ఉక్కు మీద సన్నని స్ఫటికాల పొర ఏర్పడి నూనెను పట్టి ఉంచుతుంది. అందుకే వాటిది మసక బూడిద రంగు, మెరుపు కాదు. ఇక స్ప్రింగుల మీది రంగు చారలు ఏ స్ప్రింగు ఏ బండికో లైనులోని మనిషికి చెప్పేవి. ప్లాంటును బట్టి, నెలను బట్టి వీటిలో తేడాలుండేవి. కాబట్టి ఏ బండికి ఆ బండే సాక్ష్యం.

ఎడమవైపు సాక్ష్యాన్ని నేనే చెరిపేశాను. అక్కడా ఒక చుక్క ఉండేదేమో, ఇక తెలిసే దారి లేదు. ఆ బాధ ఇంకా తీరలేదు.

పాత బండ్లను బాగుచేసేవాళ్లు చాలామంది విప్పేటప్పుడే ఫొటోలు తీసి, కొలతలు రాసుకుని, పాత గుర్తులను మళ్లీ వేస్తారు. పాత కార్ల పోటీల్లో న్యాయనిర్ణేతలు చూసేది కూడా ఫ్యాక్టరీ నుంచి వచ్చినట్టు ఉందా అనే. సొంత బండి మీద చూసిన గుర్తు అయితే వేయడం న్యాయమే. చూడని గుర్తును వేయడానికి నాకు చెయ్యి రాదు. నల్లరంగు గీకించి, ఎడమ స్పిండిల్‌ను ఉత్త ఉక్కుగానే బిగించాను.

కుడివైపు దానికి నెలకోసారి గుడ్డతో పలచగా నూనె రాస్తాను, చుక్కకు తగలకుండా చూసుకుంటూ.