‘ఉత్రన్’ని తెలుగులో ఏమనాలి?

వాజిదా తబస్సుమ్ ఉర్దూ కథ ‘ఉత్రన్’ని తెలుగు చేయాలంటే పేరు దగ్గరే ఆగిపోతాం. ఒంటి మీద నుంచి ఏది తీసినా ఇంగ్లీషులో ‘టేక్ ఆఫ్’ చాలు. మనకి చాలదు. చొక్కా విప్పుతాం, కళ్లద్దాలు తీస్తాం, చెప్పులు విడుస్తాం. జపనీస్‌లోనూ ఇదే గొడవ: బట్టలకీ బూట్లకీ ‘నుగు’, కళ్లద్దాలకీ ఉంగరానికీ ‘హజుసు’. భాష నేర్చుకునేవాళ్లకి ఇదొక పాఠం, అంతే. అనువాదకులకి మాత్రం కథని ఎలా చదివారో బయటపెట్టే పరీక్ష.

హైదరాబాద్ నవాబు ఇంట్లో షెహజాదీ పాషా, ఆమెకి పాలిచ్చిన దాది కూతురు చమ్కీ కలిసి పెరుగుతారు. పాషా వేసుకుని వదిలేసినవే చమ్కీకి బట్టలు. పాషా పెళ్లికి ముందు చమ్కీ పెళ్లికొడుకు దగ్గరికి వెళ్తుంది. ఇక జీవితమంతా పాషా తన ‘ఉత్రన్’తో బతకాలని ఆమె లెక్క. మీరా నాయర్ 1996 సినిమా ‘కామసూత్ర’కి ప్రేరణ ఈ కథే.

అంటే పేరులోని మాట మొదట బట్టలకి, చివర మగాడికి సరిపోవాలి. ‘పాత బట్టలు’ అంటే మగాడు ఇమడడు. ‘వాడేసినవి’ అంటే ఇచ్చిన చెయ్యి కనబడదు. ‘విప్పినవి’ అంటే చూపంతా ఒంటి మీదికే పోతుంది. నిజానికి ఈ కథని బూతు కథ అనేవాళ్లు ఈ ‘విప్పడం’ దగ్గరే ఆగిపోయినవాళ్లు. నా ఓటు ‘విడిచినవి’కే. బట్టలనీ విడుస్తాం, మనుషులనీ విడుస్తాం.

అయినా ఒకటి జారిపోతుంది. ‘ఉతర్‌నా’ అంటే దిగడం కూడా. మెట్లు దిగినా, బస్సు దిగినా ఉర్దూలో అదే క్రియ. ఉత్రన్ అంటే ఒంటి మీంచి దిగిన బట్టే కాదు, పైవాళ్ల నుంచి కిందివాళ్లకి దిగిన బట్ట. పాతబస్తీ దేవిడీల్లో మిగిలిన అన్నం, పాత బట్ట, దయ అన్నీ దిగింది ఆ దారినే. చమ్కీ పగంతా ఆ దారిని తలకిందులు చేయడమే. ఇంగ్లీషులోనూ ‘క్యాస్టాఫ్స్’ అంటే విడవడం దొరుకుతుంది, ‘హ్యాండ్-మీ-డౌన్స్’ అంటే దిగడం దొరుకుతుంది. రెండూ ఒకేసారి ఉర్దూ మాటలోనే.

పేరులో పోయినదాన్ని కథలో ఎక్కడో రాబట్టుకోవాలి. తెలుగులో మనకి దొరికే చోటు నువ్వు, మీరు. పాషా మొదటి నుంచీ చమ్కీని ‘నువ్వు’ అనాలి, చమ్కీ పాషాని ‘మీరు’ అనాలి. ఆఖరి మాటల్లో, గెలిచానని నవ్వేటప్పుడు, చమ్కీ చేత ‘నువ్వు’ అనిపించాలని చెయ్యి దురద పెడుతుంది. నేనైతే అనిపించను. అక్కడా ‘పాషా, మీరు’ అనే అనాలి. పాషాని కిందికి దించింది గానీ, చమ్కీ ఒక్క మెట్టూ ఎక్కలేదు కదా.