స్వచ్ఛందానికి షరతులు: వలస పాలనలో వాలంటీర్ సైనిక నిబంధనలు – విమర్శనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం:
వలస పాలనలో వాలంటీర్ దళాల నిర్మాణానికి చేసిన చట్టాలను చరిత్రకారులు ఎక్కువగా సైనికచరిత్రలో భాగంగానే చూశారు. వాటిని పాఠ్యాలుగా చదివినప్పుడు, ‘స్వచ్ఛందం’ అనే భావనను పాలకులు ఎవరికి ఇచ్చారు, ఎవరికి నిరాకరించారు, ఏ షరతులతో పరిమితం చేశారు అన్న విషయాలు తెలుస్తాయి. 1869నాటి భారత వాలంటీర్ల చట్టం, 1917నాటి భారత రక్షణ దళ చట్టం, 1920నాటి ప్రాదేశిక, సహాయక దళాల చట్టాలు ఈ వ్యాసానికి ప్రధాన ఆధారాలు. పోలికకోసం దక్షిణాఫ్రికాలోని నేటాల్ వలసరాజ్య శాసనం ఒకటి స్వీకరించబడింది. చేరేవాడి ఇష్టం కంటే చేర్చుకొనేవాడి విచక్షణే ఈ నిబంధనలన్నిటికీ కేంద్రమని నిరూపించడం వ్యాసలక్ష్యం.

కీలకపదాలు: వాలంటీర్ దళం, వలస చట్టం, ప్రాదేశిక సైన్యం, సహాయక దళం, విచక్షణాధికారం, మద్రాసు రాజధాని.

1. ఉపోద్ఘాతం:

ఎవరి బలవంతమూ లేకుండా తన ఇష్టంతో ముందుకు వచ్చినవాడు స్వచ్ఛంద సైనికుడు. మాటకున్న ఈ అర్థాన్నిబట్టి చూస్తే అతనికి నిబంధనలు ఎక్కువగా అవసరం ఉండకూడదు. అయినా ఆయుధం చేతికి ఇచ్చే ఏ ప్రభుత్వమైనా ఎవరికి ఇస్తున్నదో, ఎంతకాలానికి ఇస్తున్నదో, ఎక్కడ వాడమంటున్నదో ముందే రాసుకుంటుంది. పాలకులకూ పాలితులకూ మధ్య నమ్మకం లేని వలసరాజ్యంలో ఈ రాత మరింత జాగ్రత్తగా సాగింది. అందువల్ల ఈ నిబంధనలను యుద్ధసన్నాహపు పత్రాలుగానే కాక, అపనమ్మకానికి చట్టరూపమిచ్చిన పత్రాలుగా కూడా చదవవలసి ఉంటుంది.

2. జాతి ప్రస్తావన లేని చట్టం:

1857 తిరుగుబాటు సమయంలో కలకత్తా, మద్రాసు వంటి నగరాలలోని యూరోపియన్లు తమ రక్షణకోసం దళాలుగా ఏర్పడ్డారు. మద్రాసు వాలంటీర్ గార్డ్స్ ఆ సంవత్సరంలో పుట్టినదే. ఇటువంటి దళాల క్రమశిక్షణకోసం అదే ఏడాది 23వ చట్టం వచ్చింది. ఆ తరువాత 1869నాటి 20వ చట్టం, అంటే భారత వాలంటీర్ల చట్టం, ఈ వ్యవస్థకు స్థిరమైన ప్రాతిపదిక అయింది. దాని నీడలోనే రేవుపట్టణాలలో, రైల్వేలలో, తోటల ప్రాంతాలలో దళాలు విస్తరించాయి. తెలుగుతీరంలోని ఈస్ట్ కోస్ట్ రైఫిల్ వాలంటీర్లు కూడా ఈ కోవకు చెందినవారే.

ఈ తొలి చట్టాలలో గమనించదగిన అంశం వాటి మౌనం. భారతీయులు వాలంటీర్లుగా చేరరాదని అవి ఎక్కడా చెప్పలేదు. నిషేధం అంతా ఆచరణలో సాగింది. దళాన్ని ఏర్పరచాలంటే ప్రభుత్వ ఆమోదం కావాలి, దళంలో చేరాలంటే ఆ దళాధికారి అంగీకారం కావాలి. ఈ రెండు తలుపుల వద్ద నిలిచినవారు ఎవరిని లోపలికి రానివ్వాలో నిర్ణయించారు. యూరోపియన్లతోపాటు యూరేషియన్లు చేరగలిగారు. ఆర్మీనియన్లు, పార్సీలు కొద్దిమంది అక్కడక్కడ కనిపిస్తారు. మిగిలినవారికి చట్టం అడ్డు చెప్పకపోయినా అధికారి అడ్డు చెప్పాడు.

ఈ మౌనాన్ని ఉదారతగా పొరబడే అవకాశం ఉంది. నిజానికి రాసిన నిషేధం కంటే రాయని నిషేధమే పాలకులకు సౌకర్యం. రాసినదాన్ని చట్టసభలో ప్రశ్నించవచ్చు, రద్దు చేయమని కోరవచ్చు. విచక్షణాధికారాన్ని ప్రశ్నించాలంటే ముందుగా అది వివక్ష అని రుజువు చేయాలి.

3. అర్జీగా మారిన స్వచ్ఛందం:

1885లో అఫ్గాన్ సరిహద్దున పంజ్‌దేహ్ వద్ద రష్యన్ సేనలు ముందుకు రావడంతో యుద్ధభయం వ్యాపించింది. ఆ సందర్భంలో కలకత్తా, మద్రాసు మొదలైనచోట్ల చదువుకున్న భారతీయులు తమను వాలంటీర్లుగా చేర్చుకోవాలని కోరారు. 1869నాటి చట్టపు మౌనం అప్పుడే పరీక్షకు నిలిచింది. ప్రభుత్వం ఆ కోరికను అంగీకరించలేదు.

1886 కలకత్తా కాంగ్రెస్ సమావేశంలో ఈ విషయంపై తీర్మానం జరిగింది. దానిపై మాట్లాడిన రాజా రాంపాల్ సింగ్, వీరజాతులను ఆయుధాలకు దూరంచేసి పిరికివారైన గుమాస్తాలుగా మార్చినందుకు బ్రిటిష్ పాలనకు కృతజ్ఞత చెప్పలేమన్న అర్థంలో తీవ్రంగా ప్రసంగించాడు. మరుసటి ఏడాది మద్రాసులో బద్రుద్దీన్ తయాబ్జీ అధ్యక్షతన జరిగిన సమావేశంలో 1878నాటి ఆయుధచట్టం కూడా విమర్శకు గురైంది.

ప్రసంగంలోని ఆవేశానికీ తీర్మానంలోని భాషకూ ఉన్న తేడా పరిశీలించదగినది. ప్రభుత్వం తనకు తగినవని తోచిన నియమాలకు, పరిమితులకు లోబడే వాలంటీర్ పద్ధతిని అనుమతించాలని తీర్మానం కోరింది. అంటే కోరేవారే షరతులను ముందుగా ఒప్పుకున్నారు. అడ్డు నిలిచిన విచక్షణాధికారాన్నే అనుగ్రహించమని అర్థించారు. ఈ వైరుధ్యాన్ని నాయకుల బలహీనతగా కొట్టిపారేయడం సులభం. కాని ఆయుధం పట్టే హక్కు లేనివారు దానిని అడగడానికి విధేయత తప్ప మరొక భాష ఆనాడు అందుబాటులో లేదన్న సంగతిని కూడా విమర్శకులు లెక్కలోకి తీసుకోవాలి.

4. నేటాల్ పోలిక – యజమాని సమ్మతి:

ఇదే ప్రశ్న సముద్రానికి ఆవల మరొక రూపంలో ఎదురైంది. 1860 నవంబరులో ‘ట్రూరో’ ఓడ మద్రాసునుంచి తొలి ఒప్పందకూలీలను నేటాల్ చేర్చింది. తరువాతి దశాబ్దాలలో అక్కడికి వెళ్లినవారిలో తమిళులతోపాటు తెలుగువారు కూడా గణనీయంగా ఉన్నారు. నేటాల్ ప్రభుత్వం 1875లో చేసిన 25వ శాసనం భారతీయ వలసదారులతో పదాతి వాలంటీర్ దళాన్ని ఏర్పరచే వీలు కల్పించింది. 1905లో గాంధీ ‘ఇండియన్ ఒపీనియన్’ పత్రికలో ఆ శాసనాన్ని గుర్తుచేసి, అది పుస్తకానికే పరిమితమైందని ఎత్తిచూపాడు.

అందులోని ఒక షరతు ఈ చర్చకు కీలకం. ఇష్టపడి ముందుకు వచ్చిన భారతీయుని సేవను గవర్నరు స్వీకరించవచ్చు, అయితే అందుకు అతని యజమాని సమ్మతి ఉండాలి. ఒప్పందకూలీ దేహంపై తోటయజమానికి ఉన్న అధికారాన్ని సైనికచట్టం కూడా గౌరవించింది. కూలీ ఇష్టం దానంతట చెల్లదు, యజమాని ఇష్టం తోడైతేనే అది ‘స్వచ్ఛందం’ అవుతుంది.

1899లో బోయర్ యుద్ధసమయంలో ఏర్పడిన భారతీయ అంబులెన్స్ దళంలో దాదాపు 1100 మంది ఉండగా, వారిలో సుమారు 300 మంది మాత్రమే స్వతంత్ర భారతీయులు. మిగిలినవారు ఒప్పందకూలీలు. చరిత్రపుస్తకాలు అందరినీ వాలంటీర్లుగానే పేర్కొంటాయి. తన ఇష్టంతో వచ్చిన వ్యాపారి, తోటనుంచి పంపబడిన కూలీ ఒకే మాట కింద చేరిపోయారు. ఆ మాట వెనుక దాగిన అంతరాన్ని విడదీయడం విమర్శ బాధ్యత.

5. తారుమారైన పాత్రలు – 1917:

మొదటి ప్రపంచయుద్ధకాలంలో వచ్చిన 1917నాటి 3వ చట్టం ఈ కథను తలకిందులు చేసింది. భారత రక్షణ దళ చట్టంగా పేరుపొందిన దీని ప్రకారం యూరోపియన్ బ్రిటిష్ ప్రజలకు సైనికసేవ నిర్బంధమైంది. 16 నుంచి 18 ఏళ్లవారికి శిక్షణ, 18 నుంచి 41 ఏళ్లవారికి సాధారణ సేవ, ఆపై 50 ఏళ్ల వరకు స్థానిక సేవ విధించబడ్డాయి. భారతీయులకు మాత్రం స్వచ్ఛందంగా చేరే అవకాశం కల్పించబడింది.

మూడు దశాబ్దాలుగా భారతీయులు అడిగిన ‘వాలంటీర్’ హోదా, యూరోపియన్లు ఆ హోదానుంచి నిర్బంధసేవకు మారిన సమయంలో వారికి దక్కింది. పుణెలో తిలక్ ఈ దళంలో చేరమని ప్రోత్సహించినా, స్పందన ఆశించినంతగా రాలేదు. దీనిని భారతీయుల అనాసక్తికి సాక్ష్యంగా ఆనాటి కొందరు చూపారు. ఆ వాదన నిలవదు. ఒకే చట్టంలో రెండు జాతులకు రెండు వేరు విభాగాలు, రెండు వేరు హోదాలు ఉన్నప్పుడు, తక్కువ హోదాలో చేరకపోవడం అనాసక్తి కాదు. అది కూడా ఒక స్వచ్ఛంద నిర్ణయమే.

6. జంట చట్టాలు – 1920:

యుద్ధానంతరం 1920లో రెండు చట్టాలు వెంటవెంటనే వచ్చాయి. 48వది భారత ప్రాదేశిక దళ చట్టం, 49వది సహాయక దళ చట్టం. మొదటిది భారతీయులకు, రెండవది యూరోపియన్ బ్రిటిష్ ప్రజలకు. 1869లో రాయకుండా వదిలిన భేదాన్ని ఇప్పుడు వేరువేరు చట్టాలుగా రాశారు.

ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చదివితే మూడు భేదాలు కనిపిస్తాయి. మొదటిది సేవాస్థలం. సహాయక దళసభ్యుడి సేవ స్థానికం. తన ఊరు, తన రైలుమార్గం, తన కార్యాలయం కాపాడుకోవడమే అతని పని. ప్రాదేశిక సైనికుడు మాత్రం క్రమసైన్యానికి రెండవ శ్రేణి. దేశంలో ఎక్కడికైనా వెళ్లాలి. గవర్నర్ జనరల్ ప్రత్యేక ఆజ్ఞ ఇస్తే దేశం వెలుపలికి కూడా వెళ్లవలసి ఉంటుంది. రెండవది ఆయుధం. సహాయక దళానికి అశ్వికదళాలు, ఫిరంగిదళాలు ఉండగా, ప్రాదేశిక సైన్యం ప్రధానంగా పదాతిదళంగా మిగిలింది. మూడవది హోదా. భారతీయ అధికారులకు దక్కిన కమిషన్ యూరోపియన్ల కమిషన్‌తో సమానం కాదన్న ఫిర్యాదు కేంద్ర శాసనసభలో వినిపించింది. 1924లో సర్ జాన్ షియా అధ్యక్షతన ఏర్పడిన కమిటీ ఈ దళాల సమస్యలను పరిశీలించి 1925లో నివేదిక ఇచ్చింది.

స్థానిక రక్షణ చిన్న బాధ్యతగా, దేశరక్షణ పెద్ద బాధ్యతగా పైకి కనిపిస్తాయి. కాని 1857 జ్ఞాపకం ఉన్న ప్రభుత్వానికి స్థానిక రక్షణ అంటే అల్లర్లను, సమ్మెలను, తిరుగుబాట్లను ఎదుర్కోవడం. ఆ పనికి భారతీయుని చేతిలోని ఆయుధాన్ని అది నమ్మలేదు. అతన్ని దూరపు శత్రువుపైకి పంపడానికి సిద్ధపడి, సొంత ఊరి వీధికి కాపలా పెట్టడానికి వెనుకాడింది.

ఈ భేదరేఖ మీద నిలిచినవారు ఆంగ్లో ఇండియన్లు. ఉద్యోగం విషయంలో వారు భారతదేశీయులుగా, విద్య, రక్షణ విషయాలలో యూరోపియన్లుగా పరిగణించబడ్డారు. బెజవాడ మీదుగా సాగిన మద్రాస్ అండ్ సదరన్ మరాఠా రైల్వేకూ, వాల్తేరు చేరిన బెంగాల్ నాగపూర్ రైల్వేకూ సహాయక దళాలు ఉండేవి. రైల్వేలలో పనిచేసే ఆంగ్లో ఇండియన్లకు ఆ దళాలలో చేరడం తరచు ఉద్యోగనిబంధనగానే ఉండేది. నేటాల్‌లో చేరడానికి యజమాని అనుమతి కావాలి, ఇక్కడ చేరకపోతే యజమాని ఊరుకోడు. రెండుచోట్లా ఇష్టం యజమాని చేతిలోనిదే.

7. అనూహ్య ఫలితాలు:

నిబంధనలు రాసినవారి ఉద్దేశంలోనే వాటి చరిత్ర ముగియలేదు. యుద్ధజాతుల సిద్ధాంతం మద్రాసు సిపాయిని చిన్నచూపు చూసిన ఫలితంగా 1920లలో 3వ మద్రాసు రెజిమెంటులోని క్రమపటాలాలు రద్దయ్యాయి. ఆ పేరును నిలిపినవి రెండవ శ్రేణిగా భావించిన ప్రాదేశిక పటాలాలే. రెండవ ప్రపంచయుద్ధంలో రెజిమెంటు తిరిగి లేచినప్పుడు అవే పునాది అయ్యాయి. విశ్వవిద్యాలయాల శిక్షణ దళాలు కూడా ఇటువంటివే. యుద్ధసేవా బాధ్యత లేని ఈ దళాల వారసత్వం 1948లో ఏర్పడిన నేషనల్ కాడెట్ కోర్‌కు చేరింది.

1948నాటి ప్రాదేశిక సైన్య చట్టం జాతిభేదాన్ని తొలగించింది. భారత పౌరుడైన ఎవరైనా చేరడానికి ముందుకు రావచ్చునని అది ప్రకటించింది. ఇది చిన్న మార్పు కాదు. 1885నాటి అర్జీకి ఇది 63 సంవత్సరాల తరువాత వచ్చిన సమాధానం. అయితే విధుల జాబితా, దేశం వెలుపలి సేవకు ప్రత్యేక ఆజ్ఞ అవసరమనే షరతు, నియమాలు చేసే అధికారం ప్రభుత్వానికే ఉండటం వంటి నిర్మాణం చాలావరకు 1920నాటిదే. మారినది మొదటి తలుపు మాత్రమే.

8. ముగింపు:

పై పరిశీలనవల్ల మూడు విషయాలు స్పష్టమవుతున్నాయి. ఒకటి, వలస పాలనలో వివక్ష చట్టపు మౌనంలో ఆరంభమై, విమర్శ పెరిగినకొద్దీ చట్టపు అక్షరాలలోకి వచ్చింది. రెండు, స్వచ్ఛందం అనేది వ్యక్తి గుణంగా కాక, అధికారి, యజమాని, ప్రభుత్వం కలిసి మంజూరు చేసే హోదాగా నిలిచింది. మూడు, ఎవరిని ఎక్కడ నిలబెట్టారన్న దానిలోనే పాలకుల నమ్మకం కొలత ఉంది. వాలంటీర్ల గురించి రాసేటప్పుడు ఎంతమంది చేరారన్న లెక్కతో ఆగకుండా, ‘వద్దు’ అనగలిగే స్వేచ్ఛ వారిలో ఎందరికి ఉన్నదన్న ప్రశ్న కూడా వేయాలి. ఆ ప్రశ్న వేయనంతవరకు నేటాల్ తోటనుంచి స్ట్రెచరు మోయడానికి వచ్చిన తెలుగుకూలీ చరిత్ర అసంపూర్ణంగానే మిగులుతుంది.