కత్తి అడగని ముక్క

ఇటలీ పటంలో బూటు మడమలా కనిపించే ప్రాంతం సలెంతో. దాని పెద్ద ఊరు లెచ్చె. అక్కడి వంటల్లో నాకు మకుటం లాంటిది ఒకటే: పెజ్జెత్తి ది కవాల్లో. పదానికి పదం చెప్పాలంటే గుర్రపు ముక్కలు. పేరులో ఏ అలంకారమూ లేదు. ఉన్నదంతా కుండలోనే ఉంది.

గుర్రమా అని మొహం చిట్లించేవాళ్లు ఒక్క నిమిషం ఆగండి. ఒకప్పుడు సలెంతో రైతుకు గుర్రమంటే బండి లాగేది, పొలం దున్నేది. అది ముసలిదై పని మానితే కసాయి కొట్టుకు చేరేది. పేదింటికి అందే మాంసం అదే. 732లో పోప్ మూడో గ్రెగరీ గుర్రపు మాంసం తినొద్దని రాసిన మాట నిజమే, అయినా ఆకలి ఉత్తరాలు చదవదు కదా. ఉత్తరాన వెరోనా వాళ్లకూ ఒక గుర్రపు మాంసం వంటకం ఉంది, పాస్తిస్సాద. 489లో థియోడోరిక్ రాజు చేసిన యుద్ధంలో చచ్చిన గుర్రాలతో అది పుట్టిందని చెప్పుకుంటారు. ద్రాక్షసారాలో, మసాలా దినుసుల్లో నానబెట్టి వండుతారు. మంచి వంటే, కాదనను. కానీ అంత సారాలో మాంసం రుచి ఎక్కడ మిగులుతుంది? నేను సలెంతో పక్షమే.

అసలు విద్య ముక్క ఎంపికలో మొదలవుతుంది. చేయి తిరిగిన వంటవాళ్లు మెత్తటి మాంసం వైపు చూడనే చూడరు. జబ్బ, పిక్క, మెడ, అంటే జీవితమంతా బరువు లాగిన కండలు కావాలి. గుర్రపు మాంసంలో కొవ్వు తక్కువ. మెత్తటి ముక్కను గంటల తరబడి ఉడికిస్తే పీచుపీచై ఎండిపోతుంది. గట్టి కండలో మాత్రం జిగురు పొరలు ఉంటాయి. సన్నసెగ మీద అవి నెమ్మదిగా కరిగి పులుసులోకి దిగుతాయి. మన పాయా తాగినప్పుడు పెదాలు అంటుకుంటాయి చూడండి, అదే జిగురు ఇక్కడ టమాటా గుజ్జుకు నిగనిగలాడే చిక్కదనం తెస్తుంది. పిండి కలిపి తెచ్చే చిక్కదనం దీని కాలిగోటికి సరిపోదు.

ముందు ముక్కల్ని నీళ్లలో వేసి ఉల్లి, సెలరీ, క్యారెట్, బే ఆకుతో ఉడకబెడతారు. పైకి తేలే బూడిదరంగు నురగను గరిటెతో తీస్తూనే ఉండాలి. ఇక్కడ బద్ధకిస్తే పులుసు మడ్డిగా మారుతుంది. తర్వాత ఆలివ్ నూనెలో ఉల్లి మగ్గాక ముక్కలు, టమాటా గుజ్జు, ఎండుమిరప వేస్తారు. తగ్గినప్పుడల్లా ముక్కలు ఉడికిన నీళ్లే ఒక్కో గరిటె పోస్తారు. ఈ మాంసంలో గ్లైకోజెన్ ఎక్కువ కాబట్టి కాస్త తియ్యగా ఉంటుంది. ఆ తీపిని టమాటా పులుపు, మిరప ఘాటు రెండూ కలిసి అదుపులో పెడతాయి. మిరప మానేసి వండేవాళ్లను నేను క్షమించలేను.

పాతకాలం పద్ధతిలో దీన్ని పిన్యాతా అనే మట్టికుండలో వండేవారు. కుండను మంట మీద కాకుండా పొయ్యి వారన, నిప్పుల పక్కన పెట్టేవారు. అక్కడి ఒక ఊళ్లో, పాత పూటకూళ్ల ఇంట్లో ఒక పెద్దావిడ వంట చూశాను. ఆమె మూత తీయకుండా కుండ దగ్గర చెవి పెట్టి వినేది. లోపల చప్పుడు గలగలమంటే రెండు నిప్పులు అవతలికి తోసేది. ఎప్పుడో ఒకసారి తుక్ మనాలి, అంతే. మూడు గంటలైనా గరిటె పెట్టి కెలకలేదు, కుండనే రెండు చేతులా పట్టి కుదిపింది. కెలికితే ముక్క విరుగుతుందట. చివరికి నా పళ్లెంలో ముక్కను చెంచా అంచుతో నొక్కితే పొరలు పొరలుగా విచ్చుకుంది. కత్తి అడగలేదు. ఆ చేతికి దండం పెట్టాలనిపించింది.

అదే ఊళ్లో యాత్రికుల కోసం వెలిసిన ఒక హోటల్లో తిన్నది తలుచుకుంటే ఇప్పటికీ కడుపు మండుతుంది. మెత్తటి ముక్కల్ని అరగంటలో ఉడికించి, చక్కెర వేసిన ఎర్రటి సాస్ పోసి, మట్టిగిన్నెలో అలంకరించి తెచ్చారు. రబ్బరు నమిలినట్టుంది. ఆ గిన్నె పొయ్యి వార చూసిందే లేదు! తెలియక తిన్న యాత్రికుడు పెజ్జెత్తి అంటే ఇదేనని ఊరెళ్లి చెబుతాడు. వంట చచ్చేది ఇలాగే.

2013లో యూరప్ అంతటా గొడ్డు మాంసం పేరుతో గుర్రపు మాంసం అమ్మిన గుట్టు బయటపడింది. తప్పు చేసింది దొంగ చీటీ అంటించినవాడు, మచ్చ మాత్రం గుర్రపు మాంసానికి పడింది. పేరు దాచకుండా తలుపు మీద గుర్రం బొమ్మ పెట్టి అమ్ముకునే కసాయికి ఆ మోసంతో ఏం సంబంధం? గుర్రాన్ని పెంపుడు జంతువుగా ప్రకటించాలంటూ ఇటలీ పార్లమెంటులో బిల్లులు కూడా వచ్చాయి. గుర్రం మీద ప్రేమను నేను తప్పుపట్టను. కానీ బతికినన్నాళ్లూ పనిచేసిన జంతువులో ఒక్క కండా వృథా కాకుండా చూసిన ఈ వంటను అనాగరికం అంటే మాత్రం ఊరుకోను.

లెచ్చె వెళ్లే తెలుగువాళ్లూ, గుర్రపు మాంసం తినడానికి అభ్యంతరం లేకపోతే ఒక్క పని చేయండి. కూర్చునే ముందు, కుండ ఎప్పుడు పొయ్యెక్కిందో అడగండి. ఇప్పుడే వేడిచేసి తెస్తామంటే లేచి వచ్చేయండి. పొద్దున్నే ఎక్కిందంటే ఇంకో రొట్టె ముక్క ఎక్కువ చెప్పండి, గిన్నె అడుగున మిగిలే పులుసు తుడుచుకోవడానికి.