వాగ్నర్ సూత్రం: గోదావరి డెల్టా నేపథ్యంలో విమర్శనాత్మక పరిశీలన

ఆర్థికాభివృద్ధి జరిగే దేశంలో జాతీయాదాయం కంటే ప్రభుత్వ వ్యయం వేగంగా పెరుగుతుందని జర్మన్ ఆర్థికవేత్త అడాల్ఫ్ వాగ్నర్ (1835–1917) చెప్పారని మీరు ఈ భాగంలో చదివారు. పారిశ్రామికీకరణతో పాలన, నియంత్రణ పనులు పెరుగుతాయి. విద్య, వైద్యం వంటి సేవలను ప్రజలు ఎక్కువగా కోరుకుంటారు. ప్రైవేటు పెట్టుబడికి అందని భారీ పనులను ప్రభుత్వమే చేపడుతుంది. ఈ వాదన ఎంతవరకు నిలుస్తుందో ఇప్పుడు పరిశీలిద్దాం.

ముందుగా ఒక జాగ్రత్త. 'వ్యయం పెరిగింది కాబట్టి సూత్రం నిజమే' అని జవాబు రాస్తే సరిపోదు. జాతీయాదాయం 10 శాతం పెరిగినప్పుడు ప్రభుత్వ వ్యయం 8 శాతమే పెరిగిందనుకోండి. రూపాయల్లో వ్యయం పెరిగినా, ఆదాయంలో దాని వాటా తగ్గింది. వ్యాకోచత్వం ఒకటి కంటే ఎక్కువగా ఉంటేనే సూత్రం వర్తిస్తుంది. దేశాలను పక్కపక్కన పెట్టి పోల్చడంలోనూ చిక్కుంది. ఫ్రాన్స్‌లో ప్రభుత్వ వ్యయం దేశీయోత్పత్తిలో సగానికి పైనే. తలసరి ఆదాయంలో ఫ్రాన్స్‌ను మించిన సింగపూర్‌లో ఆ వాటా అందులో సగం కూడా ఉండదు. అయితే వాగ్నర్ చెప్పింది ఒకే దేశంలో కాలక్రమంలో వచ్చే మార్పు గురించి అని మరచిపోకండి.

అసలు బలహీనత కార్యకారణ సంబంధంలో ఉంది. తాడేపల్లిగూడెం పరిసరాల్లో వరి పొలాలను తడిపే కాలువలనే తీసుకోండి. వాటికి మూలమైన ధవళేశ్వరం ఆనకట్టను ఆర్థర్ కాటన్ 1847లో మొదలుపెట్టి 1852లో పూర్తి చేశారు. (అప్పటికి వాగ్నర్ పదిహేడేళ్ళ కుర్రవాడు.) ఆ ఖర్చు పెట్టేనాటికి డెల్టా సంపన్న ప్రాంతం కాదు, కరువులతో చితికిపోయిన ప్రాంతం. ఇక్కడ వ్యయం ముందు, అభివృద్ధి తరువాత. పైగా కంపెనీ ప్రభుత్వం రైతుల కోరికకు జవాబుదారీ కాదు. దానికి భూమిశిస్తు కావాలి. ప్రజల అవసరాలకు స్పందించే రాజ్యాన్ని ఊహించుకున్న వాగ్నర్ చట్రంలో వలస ప్రభుత్వం ఇమడదు.

స్వాతంత్ర్యానంతర ఉదాహరణలూ అంత తేలిగ్గా లొంగవు. 1983లో ఎన్.టి. రామారావు ప్రభుత్వం తెచ్చిన కిలో రెండు రూపాయల బియ్యం పథకానికి మూలం ఎన్నికల వాగ్దానం, పేదరికం. ప్రజల ఆదాయం పెరగడం కాదు. తాడేపల్లిగూడెంలో 2015లో ఎన్.ఐ.టి. ఏర్పడింది 2014 రాష్ట్ర విభజన చట్టంలోని హామీ వల్ల. యుద్ధాల వంటి కుదుపుల్లో వ్యయం మెట్లుమెట్లుగా పెరుగుతుందని పీకాక్, వైజ్‌మన్ 1961లో బ్రిటన్ అనుభవంతో వాదించారు. విభజన యుద్ధం కాకపోయినా, ఈ ఖర్చును వివరించడానికి వాగ్నర్ కంటే వారే కొంత దగ్గరగా వస్తారు.

వాగ్నర్‌కు గట్టి మద్దతు దొరికేది కొల్లేరులో. చేపల సాగు లాభసాటి కావడంతో చెరువులు సరస్సులోకి పాకాయి. దానితో ప్రభుత్వానికి కొత్త పని పుట్టింది. 1999లో అభయారణ్యంగా ప్రకటించింది, 2006లో ఐదో కాంటూరు లోపలి చెరువుల గట్లను తెగ్గొట్టించింది. అభివృద్ధి నియంత్రణను పెంచుతుందన్న మాట ఇక్కడ అక్షరాలా నిజం. కానీ ఆ నియంత్రణ భారమంతా బడ్జెట్‌లో కనిపించదు. అభయారణ్యం ప్రకటనకు ఖజానా నుంచి పోయేది స్వల్పం. గట్లు తెగినప్పుడు ఉపాధి కోల్పోయిన వారి నష్టం ఏ వ్యయ పద్దులోనూ చేరదు. వాగ్నర్ ప్రధానంగా మాట్లాడింది ప్రభుత్వ కార్యకలాపాల గురించి. మనం కొలుస్తున్నది వ్యయాన్ని మాత్రమే.