మైనపు తెరల్లో కొండలూ మంచూ

వేడి పలక మీద కరిగిన నీలిరంగు మైనంలో కుంచె ముంచి చెక్క మీద లాగితే, గీత జానెడు సాగకముందే మైనం బిగుసుకుంటుంది. మళ్లీ ముంచాలి, మళ్లీ లాగాలి. ఎన్‌కాస్టిక్ చిత్రకారుడికి ఈ తొందరే మొదటి పాఠం. కాల్చి అతికించడం అనే అర్థమున్న గ్రీకు మాట నుంచి ఈ మైనపు రంగుల కళకు ఆ పేరొచ్చింది.

రోమన్ల ఏలుబడిలో ఈజిప్టులోని ఫయూమ్ ప్రాంతంలో, చనిపోయినవారి రూపాన్ని చెక్కపలక మీద చిత్రించి మమ్మీ ముఖం దగ్గర అమర్చేవారు. వాటిలో చాలా వాటికి వాడింది మైనపు రంగులే. 1888లో పురావస్తు శాస్త్రవేత్త ఫ్లిండర్స్ పెట్రీ అక్కడి హవారాలో తవ్వినప్పుడు అలాంటివి ఎన్నో బయటపడ్డాయి. దాదాపు రెండు వేల ఏళ్లయినా ఆ కళ్లలో తడి ఆరలేదు. ఎడారి పొడిగాలికి, తేమను దరిచేరనీయని మైనం తోడైంది.

ముఖాలకు అంతగా అమరిన ఈ పద్ధతి కొండలకూ నదులకూ ఎందుకు నప్పిందో దినుసులే చెబుతాయి. తేనెటీగ కట్టిన మైనం, చెట్టు కార్చిన డామర్ బంక, రంగుపొడి: అంతే. ఎనిమిది పాళ్ల మైనానికి ఒక పాలు డామర్ కలపడం ఎక్కువమంది పాటించే కొలత. ఉత్త మైనం 62–65 డిగ్రీల సెల్సియస్‌కే కరుగుతుంది. డామర్ దానికి గట్టిదనాన్నీ నిగనిగనూ ఇస్తుంది. పలక వేడిని సాధారణంగా 90 డిగ్రీల దగ్గరే ఉంచుతారు. పొగ లేచిందంటే మైనం పాడు, ఊపిరికి చేటు.

వేసిన ప్రతి పూతనూ వేడిగాలితోనో చిన్న మంటతోనో కాచి, కింది పూతలో కలిసేలా చేయాలి. ఆ కాపు తప్పితే పూత పెచ్చులూడుతుంది. మైనాన్ని మరోలా వాడేవారూ ఉన్నారు: లోహపు బొమ్మలు పోసే ఆదిలాబాద్ ఓజా కళాకారులు తేనెమైనాన్ని దారాలుగా తీసి మట్టి అచ్చుకు చుడతారు. ఆ మైనం కరిగిపోయిన ఖాళీలోకి లోహం దిగుతుంది. అక్కడ మైనం తప్పుకుంటేనే బొమ్మ; ఇక్కడ మైనమే బొమ్మ.

మంచు పట్టిన కొండ కావాలంటే ముందు ముదురు రంగులో కొండను వేస్తారు. దాని మీద రంగు కలపని పలుచని మైనం ఒక పూత, కాచి, ఇంకో పూత. మూడో పూతకు కొండ కోసు దూరం జరిగినట్టుంటుంది. కింద ఎర్ర రంగూ పైన ఆకుపచ్చా వేసి బ్లేడుతో గీరితే, వరద కోసిన ఏటి గట్టులా పొరలు బయటపడతాయి. మంట ఒక్క క్షణం ఎక్కువసేపు ఆగిందా, ఒడ్డు కరిగి నీటిలోకి జారుతుంది. అది నచ్చితే ఉంచుకోవడం, నచ్చకపోతే గీకేయడం.

వేడి పలకను, మంటను కొండ మీదికి మోసుకెళ్లడం కష్టం; గాలి తగిలితే మైనం మరీ త్వరగా బిగుస్తుంది. అందుకే ఈ చిత్రకారులు ఎక్కువగా ఆరుబయట చూస్తారు, గదిలో వేస్తారు. దారిలో వివరాలు రాలిపోతాయి. రంగూ వెలుగూ దూరమూ మిగులుతాయి.

అమెరికన్ చిత్రకారుడు బ్రైస్ మార్డెన్ గ్రీసులోని హైడ్రా ద్వీపపు ఆలివ్ తోటలను చూసి 1970లలో 'గ్రోవ్ గ్రూప్' చిత్రాలు వేశారు. నూనెరంగులో తేనెమైనం కలిపి పూయడం ఆయన పద్ధతి. ఎన్‌కాస్టిక్‌లా పూతపూతకూ కాచేది కాదు గానీ, దానికి దగ్గరి చుట్టమే. ఆ చిత్రాల్లో ఒక్క చెట్టూ ఉండదు. రంగు పలకలే ఉంటాయి. ఆలివ్ ఆకు పైన ముదురాకుపచ్చ, అడుగున వెండి. గాలి వీస్తే తోట రంగే మారిపోతుంది. అది ఎరిగిన కంటికి ఆ పలకలే తోట.

కొత్త మైనపు చిత్రం మీద, ముఖ్యంగా చలికి, తెల్లటి మసక కమ్ముతుంది. భయపడక్కర్లేదు. మెత్తని గుడ్డతో మెల్లగా తుడిస్తే చాలు. మసక విడిపోయి, చిత్రకారుడు కావాలని కమ్మించిన మంచు మాత్రం కొండ మీద అలాగే నిలిచి ఉంటుంది.