కర్త కనబడని వ్యాసం

జనవరి 24 జాతీయ బాలికా దినోత్సవం. ఆ వారమంతా బడుల్లో వ్యాసరచన పోటీల హడావిడే. రెండేళ్ల కిందట కరీంనగర్ వైపు ఒక జిల్లా పరిషత్ హైస్కూలు వాళ్లు నన్ను జడ్జీగా పిలిచారు. అంశం ‘భ్రూణహత్యలు ఆపుదాం, ఆడపిల్లను కాపాడుకుందాం’. పేపర్లు 43, జడ్జీలం ముగ్గురం, మార్కులు 20: విషయానికి 10, భాషకు 5, చేతిరాతకు 5.

దాదాపు అన్నీ ఒకే అచ్చులో పోసినట్టున్నాయి. ఉపోద్ఘాతంలో మనుస్మృతి శ్లోకం, మధ్యలో జనాభా లెక్కలు, ముగింపులో కల్పనా చావ్లా. శీర్షికల కింద ఎర్ర స్కెచ్ పెన్నుతో రెండేసి గీతలు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఆరేళ్లలోపు మగపిల్లలు వెయ్యిమందికి 2001లో 961 మంది ఆడపిల్లలుంటే, 2011 నాటికి 939 మందే మిగిలారని చాలామంది సరిగ్గానే రాశారు. ఆ తగ్గిన 22 మంది ఎవరి వాకిట్లో తగ్గారో మాత్రం ఎవరూ రాయలేదు.

ఒక్క పేపరు వేరుగా ఉంది. తొమ్మిదో తరగతి అమ్మాయిది. శ్లోకం లేదు, లెక్కలు లేవు. వాళ్ల చిన్నమ్మ స్కానింగుకు పోయి వస్తే నానమ్మ గడపలోనే నిలబెట్టి అడిగిందట: ‘డాక్టరమ్మ నవ్వుకుంట మాట్లాడిందా, ఊకెనే మాట్లాడిందా?’ చిన్నమ్మ జవాబు చెప్పకుండా ఫైలు బీరువా మీద పెట్టి బియ్యం కడగడానికి పోయిందట. అక్కడితో వ్యాసం అయిపోయింది. పేజీన్నర కూడా లేదు. నాలుగైదు ఒత్తులు తప్పాయి. ముగింపు లేదు, సందేశం లేదు. ముగ్గురం ఒకరి మొహాలొకరం చూసుకున్నాం. నేను 11 వేశాను. శ్లోకం, లెక్కలు, కల్పనా చావ్లా అన్నీ తూచినట్టు సర్దిన కుర్రాడికి 18 వేశాను. మొదటి బహుమతి అతనికే.

తర్వాత నెలలో కిడ్నీలో రాయి చూపించుకోవడానికి స్కానింగు సెంటరుకు పోయాను. కడుపునిండా నీళ్లు తాగి, వంతు కోసం కూచుని, ఎదురుగా గోడ మీది బోర్డు చదివాను. ఇక్కడ లింగ నిర్ధారణ పరీక్షలు చేయబడవు, అట్లా చేయడం చట్టరీత్యా నేరం అని. ప్రతి సెంటరులోనూ ఉండాల్సిన బోర్డే. ఎన్నిసార్లు చూశానో. ఆ రోజు మాత్రం ‘చేయబడవు’ దగ్గర చూపు ఆగింది. నేను దిద్దిన పేపర్లన్నీ ఇదే భాషలో ఉన్నాయి కదా! శిశువులు చంపబడుతున్నారు. కోడళ్లు వేధించబడుతున్నారు. చంపేదెవరు, వేధించేదెవరు? ‘సమాజం’. సమాజం ఏ వీధిలో ఉంటుందో పిల్లలకు మనం చెప్పలేదు.

మన ఇళ్లలో ఎవరూ అన్నం తినబడింది అనరు. దొంగ పట్టుబడ్డాడంటాం గానీ పిల్లవాడు కొట్టబడ్డాడని అనం, దెబ్బలు తిన్నాడంటాం. వ్యాసం అనగానే మాత్రం ఎక్కడిదో ఈ కర్మణి ప్రయోగం వచ్చి కూచుంటుంది. అది ఉంటేనే గంభీరంగా ఉంటుందని నేర్పింది మనమే. దాని సౌకర్యం ఒక్కటే: వాక్యంలో పని ఉంటుంది, చేసినవాడు ఉండడు.

నిజానికి 1994 నాటి లింగ నిర్ధారణ నిషేధ చట్టమే ఈ విషయంలో పిల్లల వ్యాసాలకన్నా సూటిగా ఉంది. గర్భిణి పరీక్ష చేయించుకుంటే, భర్తో బంధువులో బలవంతపెట్టారనే కోర్టు ముందుగా భావించాలని అందులో 24వ సెక్షన్ చెబుతుంది. కాదని నిరూపించుకోవాల్సింది వాళ్లే. గడపలో నిలబడ్డ నానమ్మ సంగతి చట్టం రాసినవాళ్లకు తెలుసు. తొమ్మిదో తరగతి పిల్లకూ తెలుసు. తెలియనిది జడ్జీలకే.

ఇంకో గందరగోళమూ గమనించాను. సగం మంది అబార్షన్, లింగ నిర్ధారణ రెండూ ఒకే నేరమనుకుని రాశారు. కొన్ని షరతులతో గర్భస్రావాన్ని మన దేశం 1971లోనే చట్టబద్ధం చేసింది. అమెరికాలో పేచీ అసలు దాని మీదే. అక్కడ 1973లో సుప్రీంకోర్టు ఇచ్చిన హక్కును 2022లో అదే కోర్టు తీసేసింది. గర్భస్రావాన్ని వ్యతిరేకించే ‘ప్రో-లైఫ్’ సంఘాలు అక్కడి స్కూలు పిల్లలకూ వ్యాసరచన పోటీలు పెడతాయి. నువ్వు ఎటువైపు అని కాదు, మావైపు ఎందుకున్నావో రాయమని. ఆ పిల్లల పేపర్లు నేను దిద్దలేదు గానీ, తీర్పు ముందే చెప్పి వాదన రాయమనడం మనకూ అలవాటే. ‘ఆపుదాం’ అని అంశమిస్తే, ఆపొద్దని ఎవరు రాస్తారు? తన ఇంట్లో ఎందుకు ఆగలేదో కూడా ఎవరూ రాయరు.

మరుసటి ఏడు పిలిచినప్పుడు హెడ్మాస్టరుగారిని రెండు కోరాను. అంశం నినాదంగా కాకుండా ప్రశ్నగా ఇద్దాం: ‘మీ ఇంట్లో ఆడపిల్ల పుట్టినప్పుడు ఎవరు ఏమన్నారు?’ రెండోది, ‘బడు’ వాడితే మార్కు కోత. ఆయన నవ్వి, సరే కానివ్వండన్నారు. పిల్లలు గోల పెట్టారు. నాలుగు పేజీల వ్యాసాలు ఒకటిన్నరకు కుంచించుకుపోయాయి. కానీ వాటిలోకి మనుషులొచ్చారు. ఒక కుర్రాడు రాశాడు: ‘అక్క పుడితే నాన్న మూడో రోజు వచ్చిండంట. నేను పుడితే అదే రాత్రి ఆటో మాట్లాడుకొని వచ్చిండంట. ఎందుకని అడిగితే అప్పుడు పనుండె అన్నడు.’ మొదటి బహుమతి ఈసారి దీనికి.

మొదటి ఏడు రాసిన అమ్మాయి కోసం చూశాను. పదో తరగతికొచ్చింది, పేరివ్వలేదు. వరండాలో కనిపిస్తే ఎందుకు రాయలేదమ్మా అనడిగాను. ‘టెన్త్ కద సార్, టైం లేదు’ అంది మర్యాదగా.

ఆమె వ్యాసానికి తక్కువ మార్కులు వేయబడ్డాయని రాసి ఈ కాలమ్ ముగించవచ్చు. ఆ 11 వేసింది నేను.